ఇరవై నాలుగు కొక్కేలు

బస్సు కదిలాక గాని పెట్టెని తప్పుగా పట్టుకున్నానని తెలియలేదు, మెడ వైపు కిటికీకి ఉండాలి, గుండ్రటి వైపు నా ఒడిలో ఉండాలి, అప్పుడే రోడ్డు గుంతల దెబ్బ మెడకి తగలదు, పెట్టె ఎంత గట్టిదైనా లోపలిది కర్రే కదా అని లేచి తిప్పుకుంటుండగా కండక్టరు వచ్చి నిలబడ్డాడు, టికెట్ల కట్ట చంకలో పెట్టుకుని పెట్టెని ఒకసారి, నన్ను ఒకసారి చూశాడు. "మదామ్, లోపల పాపాయా? పాపకి టికెట్ అక్కర్లేదు గాని ఏడవకూడదు" అన్నాడు క్రియోల్‌లో, వెనక సీట్లో ఎవరో నవ్వారు. "ఏడవదులే, నోరు తెరిచి పద్నాలుగేళ్లయింది" అన్నాను నేను కూడా క్రియోల్‌లోనే, అని ఎందుకన్నానా అనుకున్నాను, బస్సుల్లో మాటకి మాట చెప్పే మనిషిని కాను నేను. ఒడిలో ఉన్నది బాంజో, నాలుగు తీగల టెనర్ బాంజో, మా ఆయన చిన్నయ్య మాస్టారిది. సుయాక్‌లో ఒంటిగంట బస్సెక్కాను, రెండు దాటేసరికి క్యూర్పిప్‌లో దిగి పియర్‌కి దీన్ని అమ్మేసి రావాలి. ముప్పై ఏళ్ల కిందట మా ఆయనకి దీన్ని అమ్మినవాడు ఆ పియరే, ఇప్పుడు పెళ్లాం మిషెలిన్‌ని తీసుకుని ఈ దీవి విడిచి ఆస్ట్రేలియా వెళ్లిపోతున్నాడు, వచ్చే గురువారం ఓడ. అక్కడ ఇలాంటి పాత వాయిద్యాలు వాయించే క్లబ్బులు ఉన్నాయట, నీ దగ్గరున్నది ఇస్తావా అని మా ఆయనకి ఉత్తరం రాశాడు. ఇస్తాననే అన్నాడు ఈయన. నా కాళ్ల దగ్గర వకోవా ఆకులతో అల్లిన బుట్టలో, పాత నూలుచీరలో చుట్టి, దీని గుండ్రటి వైపు డప్పులా బిగించి ఉండిన పాత తోలు ఉంది. అది తెస్తున్నానని ఈయనకి చెప్పలేదు. పియర్ ఆ తోలు మళ్లీ ఎక్కించి ఒక్కసారి మీటితే, వెనకటి మోత ఒక్కసారి నా చెవిన పడితే, సాయంత్రం ఇంటికి వెళ్లి చెప్పగలను, నేను పాడుచేసింది బాగైంది అని. అంతకన్న ఏమీ అనుకోవడం లేదు, అమ్మకం ఎలాగూ జరిగేదే.

రివియేర్ దేజాంగీ దగ్గర బడి గోడకి సున్నం వేస్తున్నారు, వచ్చే నెల స్వాతంత్ర్యం వచ్చి జెండా ఎగరేసే రోజుకి, నిచ్చెన మీద మనిషి గోడ మధ్య దాకా వేసి ఆగి సిగరెట్టు కాలుస్తున్నాడు, అంచు వంకరగా వచ్చింది, ఎవరూ చూసుకోరు కాబోలు. వంకరగా వచ్చిన అంచు కనపడితే నా కన్ను అక్కడే ఆగిపోతుంది, కాన్వెంటు కాలేజీలో సిస్టర్లు నేర్పిన చదువు అదే, కుట్టులో అయినా అనువాదంలో అయినా ఉన్నది ఉన్నట్టు రావాలి, ఒక్క మాట విడిచిపెట్టకూడదు, ఒక్క మాట కలపకూడదు. మా వీధిలో సీనియర్ కేంబ్రిడ్జ్ దాకా చదివిన ఆడపిల్లని నేనొక్కదాన్నే, అది చూసే అత్తమ్మ నన్ను కోడలిగా తెచ్చుకుంది, చదివిన కోడలు అని చెప్పుకోవడం ఆవిడకి ఇష్టం, ఆవిడ పేరు ముత్యాలమ్మ, ఏ అక్షరమూ రాదు, రెండు వందల పాటలు నోటికి వచ్చు. పెళ్లయి వచ్చిన మొదటి శనివారం రామభజనానికి వెళితే దీపం చుట్టూ అందరూ కూర్చుని ఉన్నారు, భజన పెద్ద ఎంకన్న మావ పాట ఎత్తుకుంటున్నాడు, తాళాలు, మృదంగం, వాటి మధ్య నుంచి ఇంకేదో వచ్చింది, ఇత్తడి గిన్నెలోకి గులకరాళ్లు ఒంపినట్టు, మోగిన ప్రతి స్వరం మోగగానే ఆగిపోయి ఇంకోదానికి చోటిస్తూ, ఏమిటా అని చూస్తే మా ఆయన. క్యూర్పిప్ హోటళ్లలో తెల్లవాళ్లు డాన్సులు చేసే వాయిద్యాన్ని తెచ్చి రాముడి ముందు పెట్టాడు, ఎవరూ తప్పు పట్టలేదు, పైగా పక్క ఊళ్ల నుంచి వినడానికి వచ్చేవాళ్లు, గ్రాం బ్వా నుంచి, టేర్ రూజ్ నుంచి కూడా. వాయించేటప్పుడు ఆయన కుడిచేతి చిటికెనవేలు తోలు మీద ఆనించుకునేవాడు, ఆ చోట గోధుమరంగు మచ్చ పడింది, నాణెమంత, ఇప్పుడు బుట్టలో ఉన్న తోలు మీద ఇంకా ఉంది.

చెరకు అయిపోయి టీ తోటలు మొదలయ్యాయి, ఆకు కోసే ఆడవాళ్లు గోనెసంచులు నెత్తిన కప్పుకుని ఉన్నారు, అంటే ఇక్కడ పొద్దున వాన పడిందన్నమాట, పైన క్యూర్పిప్‌లో ఇంకా పడుతూ ఉంటుంది. తడికి తోలు వదులవుతుంది. బయలుదేరే ముందు సరిగా బిగించాను గాని అది సుయాక్ ఉప్పుగాలికి సరిపోయే బిగువు, క్యూర్పిప్ తడికి సరిపోదు, పియర్ చేతికి ఇచ్చేసరికి మెత్తబడిపోయి ఉంటుంది, ఏం చూసుకున్నారు అనుకుంటాడు. తోలు బిగించే కొక్కేలు తిప్పే తాళంచెవి తెచ్చానా, తెచ్చాను, పెట్టె అరలో ఉంది, ఆ కాగితం దొరికిన అరలో. ఆ కాగితం. ఒక శుక్రవారం పొద్దున పెట్టె శుభ్రం చేస్తూ లోపలి ఆకుపచ్చ మఖమలు అంచు ఊడివస్తే అతికిద్దామని ఎత్తాను, అడుగున నాలుగు మడతల కాగితం, తయారుచేసినవాళ్లు వేసింది, ఇంగ్లీషులో. జారిపోయి కిందికి వెళ్లిందనుకున్నాను. అప్పుడు అలాగే అనుకున్నాను. మడత పెట్టిన కాగితం అతికిన బట్ట కిందికి ఎలా జారుతుందని మర్నాడు గాని ఆలోచించలేదు. అత్తమ్మ పక్కనే కూర్చుని బియ్యంలో రాళ్లేరుతోంది. "ఏటే కోడలా అది, ఏటి రాసున్నాది అందుల?" అంది. చదివి చెప్పాను. మెడ ఫలానా కర్ర, మెట్లు ఫలానా లోహం, కొక్కేలు ఇరవై నాలుగు, పైన బిగించినది మేలురకం ఆవుదూడ తోలు. ఒక్క మాట విడిచిపెట్టలేదు, ఒక్క మాట కలపలేదు. తోలు అని ఊరుకుంటే సరిపోయేది, తోలు అని ఆవిడకి మాత్రం తెలియదా, ఏ తోలని ఆవిడ అడగనే లేదు. చేతిలో చాట అలాగే ఉండిపోయింది ఆవిడకి. "ఏ తోలన్నావు?" అంది. రెండోసారి కూడా చెప్పాను, ఇంకా స్పష్టంగా.

శనివారం సాయంత్రానికి ఊరంతటికీ తెలిసిపోయింది. అత్తమ్మ ఎవరికీ చెప్పాలని చెప్పలేదు, ఎంకన్న మావకి మాత్రం చెప్పింది, చెప్పకపోతే పాపం తనకి తగులుతుందని భయపడింది, పదహారేళ్లు దీపం పక్కన ఆ తోలు ఉందని ఆవిడ ఏడుస్తూ కూర్చుంది, ఆ ఏడుపు అబద్ధం కాదు. ఎంకన్న మావ చెడ్డవాడా అంటే కాదు, మా పెళ్లిలో పందిరి వేసినవాడు. "ఒరే చిన్నయ్యా, నువ్వు బడి పంతులువి, నీకు మేం సెప్పాలేటి? తెలీక సేసినావు, తెలీక సేసినానని నలుగురి ముందర ఒక్క మాటను, కొబ్బరికాయ కొట్టు, అయిపోద్ది" అన్నాడు. మృదంగానికి ఏ తోలు వేస్తారో ఎవరూ అడగలేదు. మా ఆయన అడుగుతాడని చూశాను, బడిలో పిల్లలకి ప్రతిదీ అడగమని చెప్పే మనిషి, అడగలేదు. భజన మందిరం గుమ్మం బయట నిలబడ్డాడు, లోపలికి రానివ్వలేదు, ఆయన దగ్గర చదువుకునే పిల్లలు ముందు వరసలో కూర్చుని ఉన్నారు, వాళ్లలో ఒకడు నవ్వు ఆపుకోలేక పక్కవాడి వీపు వెనక తల దాచుకున్నాడు. "తెలియక చేశాను" అన్నాడు ఆయన. కాయ మొదటి దెబ్బకి పగలలేదు, రెండోసారి కొట్టాడు, మూడోసారి. నేను ఆడవాళ్ల వైపు నిలబడి కాయ సరిగా పట్టుకోవడం లేదు, పీచు వైపు పట్టుకోవాలి అనుకుంటున్నాను, అప్పుడు నా మనసులో ఉన్నది అదే, సిగ్గుచేటు గాని అదే. ఆయనకి తెలుసు. మొదటి నుంచీ తెలుసు, తెలిసే ఆ కాగితం మఖమలు కింద దాచాడు, తెలియక చేశానని అందరి ముందూ అబద్ధం చెప్పించిన మనిషిని నేను.

మేకతోలు వేయిస్తే అభ్యంతరం లేదన్నారు. రేవు దగ్గర రవాన్‌లు కట్టే జీన్ ఉండేవాడు, సెగా పాటలకి, ఆటలకి కొట్టే జల్లెడంత వెడల్పు డప్పులు, వాటికి మేకతోలే, వాడు వారం రోజులు నీళ్లలో నానబెట్టి గీకి ఎండబెట్టి ఎక్కించి ఇచ్చాడు, పాత తోలు పారేయబోతే నేను అడిగి తెచ్చుకున్నాను. ఈయన ఇంట్లో ఒకసారి మీటి చూశాడు. దుప్పటి మీద కొట్టినట్టుంది, నాకే తెలిసింది. మర్నాడు దాన్ని పట్టుకుని రైలెక్కి క్యూర్పిప్ వెళ్లాడు, అప్పటికింకా సుయాక్‌కి రైలు ఉండేది, పియర్‌కి చూపించి సాయంత్రం బండికి తిరిగి వచ్చాడు, పెట్టెని బీరువా మీద పెట్టాడు, చొక్కా విప్పి మేకుకి తగిలించి అప్పుడు చెప్పాడు. "గొంతు పోయిందన్నాడు పియర్." అంతే, పద్నాలుగేళ్లలో బాంజో గురించి ఆయన అన్న మాట అదొక్కటే. కోప్పడితే బాగుండేది. ఆ కాగితం ఎందుకు చదివావని ఒక్కసారి అడిగితే నేనేదో చెప్పేదాన్ని, అడగలేదు, బడికి వెళ్లాడు, వచ్చాడు, శనివారాలు భజనకి కూడా వెళ్లాడు, తాళం వేశాడు, అందరిలాగే. ప్రతి శనివారం పొద్దున ఆయన బడికి వెళ్లాక పెట్టె దించి తెరిచేదాన్ని. పొడి ఫ్లానెల్‌తో మెట్లు, ముత్యపుచిప్ప పొదిగిన చోట్లు, కొక్కేలు తుడిచేదాన్ని, తుప్పు పట్టిన తీగ ఉంటే మార్చేదాన్ని, వానాకాలం పావు మర బిగించి ఎండాకాలం పావు మర వదిలేదాన్ని, ఒక కొక్కెం తరవాత దాని పక్కది ముట్టుకోకూడదు, ఎదుటిది తిప్పాలి, అలా అడ్డంగా అడ్డంగా ఇరవై నాలుగూ తిరిగి రావాలి, ఆయన చేస్తుంటే చూసి నేర్చుకున్నదే. బొటనవేలితో నొక్కి బిగువు చూసేదాన్ని. మీటలేదు ఎప్పుడూ. గొంతు పోయినదాన్ని మీటి ఏం వినాలి, అదీ గాక ఆయనది. ఎప్పుడో ఒకనాడు బీరువా మీది నుంచి దించి ఒడిలో పెట్టుకుంటాడని, ఆవేళ దుమ్ము ఉండకూడదని. అత్తమ్మ పోయింది, ఎంకన్న మావ పోయాడు, అడ్డం చెప్పేవాళ్లెవరూ మిగలలేదు, అయినా దించలేదు. పోయిన జూలైలో బడిలో నల్లబల్ల ముందు పడిపోయాడు. ఎడమచెయ్యి పక్షవాతానికి పోయింది. ఇప్పుడు కుడిచేత్తో ఆ చేతిని ఎత్తి ఒడిలో పెట్టుకుంటాడు, ఇంకెవరిదో వస్తువు దాచమని ఇచ్చినట్టు. పియర్ ఉత్తరం చదివి వినిపించాను, ఈసారి కూడా ఉన్నది ఉన్నట్టు. "ఇచ్చెయ్ వసంతీ. ఉత్తినే ఇస్తే తీసుకోడు వాడు, అమ్ము" అన్నాడు, నా వైపు చూడకుండా.

నువెల్ ఫ్రాన్స్ దాటగానే వాన. కిటికీ అద్దం పైకి రాదు, తువ్వాలు తీసి పెట్టె మీద కప్పాను, మెడ వైపు చాలలేదు, కొంగు కప్పాను. "పాపకి జలుబు చేస్తుంది మదామ్" అన్నాడు కండక్టరు ఇటు వస్తూ, మళ్లీ ఎవరో నవ్వారు, నేను కొంగు ఇంకా దగ్గరికి లాగాను. క్యూర్పిప్‌లో దిగేసరికి చెప్పులు తడిసి బరువెక్కాయి, బజారు వెనక సందులో పియర్ ఇల్లు తెలుసు నాకు, పెళ్లయిన కొత్తలో రెండుసార్లు వచ్చాం, అప్పుడు వరండాలో ఫెర్న్ కుండీలు ఉండేవి, ఇప్పుడు చెక్కపెట్టెలు ఉన్నాయి, ఒక్కోదాని మీద నల్లరంగుతో ఫ్రీమాంటల్ అని వాళ్లు దిగే రేవు పేరు రాసి. మిషెలిన్ తలుపు తీసింది, తలకి గుడ్డ కట్టుకుని, రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకుంది. "కుర్చీలు కూడా అమ్మేశాం మదామ్ చిన్నయ్యా, పెట్టె మీద కూర్చోండి, అందులో ప్లేట్లున్నాయి, భయం లేదు" అంది. లోపలి నుంచి పియర్ వచ్చాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. ఈయన ఎలా ఉన్నాడని అడిగాడు, చెప్పాను, చెయ్యి సంగతి చెప్పాను, తల దించుకుని విన్నాడు. "జనవరిలో పోర్ట్ లూయిలో జరిగిన అల్లర్లు చూశాక మిషెలిన్ ఇక్కడ ఉండలేనంది. నేనైతే ఉండేవాణ్ణి. చిన్నయ్య ఏమంటాడు, మేం పారిపోతున్నామంటాడా?" అన్నాడు. "ఆయన ఏమీ అనరు" అన్నాను. నిజమే చెప్పాను.

పెట్టె తెరిచాడు. తరవాత బొటనవేలితో తోలు నొక్కాడు, అంచున ఒకచోట, ఎదుట ఒకచోట, మళ్లీ పక్కన, నేను నొక్కే వరసలోనే, తల ఊపాడు. నేను బుట్టలోంచి చీరమూట తీసి విప్పుతున్నాను, అదిగో అది పాతది, కన్నం లేదు, చిరుగు లేదు, వేపాకు పెట్టి దాచాను, అది ఎక్కించి ఒకసారి వినిపిస్తారా అని అడగాలి, మాటలు బస్సులోనే అమర్చుకుని ఉంచాను, మొదటి మాట నోట్లో ఉండగానే పియర్ మీటేశాడు. నాలుగు తీగలూ పైనుంచి కిందికి ఒక్కసారి, తరవాత మేము భజనలో పాడే పాటల్లో ఒకటి, మా ఆయన దగ్గర నేర్చుకున్నది కాబోలు, సగం దాకా వాయించి మరిచిపోయి నవ్వాడు. ఇత్తడి గిన్నెలోకి గులకరాళ్లు. తడికి కొంచెం మెత్తబడినా అదే. మోగగానే ఆగిపోయి ఇంకోదానికి చోటిచ్చే స్వరం, అదే, నాకు తెలియదా. మిషెలిన్ వంటింట్లో గిన్నెలు సర్దడం ఆపి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"గొంతు పోయిందన్నారు కదా మీరు, కొత్త తోలు వేసినప్పుడు" అన్నాను. ఎలా అన్నానో, గట్టిగా అన్నట్టున్నాను.

"నేనా?" పియర్ బాంజో ఒడిలో ఉంచుకునే నా వైపు చూశాడు. "కొత్త తోలు మొదట్లో అలాగే ఉంటుంది మదామ్, నీళ్లలో నానిన తోలు కదా, ఓపిక పట్టాలి. బిగిస్తూ ఉండు, నెల రోజుల్లో గొంతు వస్తుంది, ఇది మంచి మేక, దూడ కన్నా తీసిపోదు అని చెప్పాను. ఇక్కడే చెప్పాను, ఆ కిటికీ దగ్గర కూర్చున్నాడు. తెలుసు పియర్, తెలుసు, అన్నాడు." వేలితో కొక్కేల చుట్టూ ఒకసారి తడిమాడు. "చక్కగా బిగించుకుంటూ వచ్చాడు. ఇంత సమంగా నేను కూడా బిగించలేను. చెయ్యి పడిపోయాక ఎవరు బిగిస్తున్నారు?"

"నేనే" అన్నాను. అప్పటి నుంచీ, పద్నాలుగేళ్లూ నేనే అని చెప్పలేదు. బీరువా మీద, మా మంచానికి నాలుగడుగుల దూరంలో, మొదటి వానాకాలానికే గొంతు వచ్చేసి ఉంటుంది, నా చేతుల్లోనే వచ్చి ఉంటుంది, శనివారం పొద్దున, అన్నం ఎసరు పెట్టి వచ్చి తుడుస్తున్నప్పుడు, ఒక్క తీగ మీద గోరు తగిలినా వినపడేది. తగలనిచ్చేదాన్ని కాదు. ఆయనకి తెలుసు. నెల రోజులని తెలిసి రైలు దిగి వచ్చి చొక్కా మేకుకి తగిలించి గొంతు పోయిందన్నాడు, తోలు అన్నాడు, తోలని నేను పట్టుకున్నాను, తోలైతే దాచవచ్చు, తేవచ్చు, మార్పించవచ్చు. మూడు దెబ్బలకి గాని పగలని కొబ్బరికాయని ఏం చేయాలి, ముందు వరసలో పిల్లవాడి నవ్వుని ఏం చేయాలి, దానికి నా దగ్గర తాళంచెవి లేదు, ఉన్నా అది తిప్పే వరస నాకు తెలియదు. మాట్లాడమని ఒక్కసారైనా అడిగానా ఆయన్ని. లేదు, తుడిచాను.

పియర్ నా మొహం చూసి ఏమనుకున్నాడో, "ఉంచేసుకోండి మదామ్, నాకు లేకపోతే ఏం పోదు, నేనేమీ అనుకోను" అన్నాడు. "ఎవరు వాయిస్తారు?" అన్నాను. లోపలికి వెళ్లి డబ్బు కవరు తెచ్చి ఇచ్చాడు, బుట్టలో వేసుకున్నాను. చీరలో ఉన్నది చూసి "అదేమిటి?" అని అడిగాడు. "పాతది, పనికొస్తుందేమోనని తెచ్చాను" అన్నాను. తీసుకుని వెలుతురుకి పట్టి చూశాడు, గోధుమ మచ్చ దగ్గర చిటికెనవేలు ఆనించి చూశాడు, "బాగా దాచారు, కాని దీంతో నాకు పని లేదు" అని మర్యాదగా తిరిగి ఇచ్చాడు. మిషెలిన్ మళ్లీ రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకుంది, "మా దేశం వెళ్లాక ఉత్తరం రాస్తాను" అంది, మా దేశం అన్నందుకు తనే ఆగి ఇంకేదో సర్దబోయింది.

తిరుగు బస్సు అదే, అదే కండక్టరు. నా ఒడిలో ఏమీ లేదు, తోలు బుట్టలో ఉంది, కాళ్లతో దగ్గరికి లాక్కున్నాను. అతను ఖాళీ ఒడి చూశాడు, హాస్యమాడబోయి ఆడలేదు, టికెట్టు చింపి ఇచ్చి ముందుకి వెళ్లిపోయాడు. టీ తోటల్లో ఇప్పుడు ఎవరూ లేరు. ఇంటికి వెళ్లేసరికి ఆయన వరండాలో కూర్చుని ఉంటాడు, చెయ్యి ఒడిలో పెట్టుకుని, తడిసిన చెప్పుల చప్పుడు విని తల ఎత్తుతాడు. అమ్మేశావా అని అడగడు. పియర్ ఏమన్నాడు అని అడుగుతాడు, అదొక్కటే అడుగుతాడు, ఆ ఒక్క మాటకీ భయపడుతూ పొద్దున్నుంచీ కూర్చుని ఉంటాడు. ఏమన్నాడో ఉన్నది ఉన్నట్టు చెప్పగలను, ఒక్క మాట విడిచిపెట్టకుండా, ఒక్క మాట కలపకుండా, అలా చెప్పడం నాకు బాగా వచ్చు. రివియేర్ దేజాంగీ బడి గోడ సగం దాకానే తెల్లగా ఉంది, నిచ్చెన తీసేశారు, వానకి సున్నం కిందికి కారింది. మీటి చూశాడు, గొంతు పోయిందనే అన్నాడు అంటాను. ఆయన తల ఊపుతాడు. కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లి దీపం పెట్టి, వంట మొదలుపెడతాను.